పొద్దున్నే గుడ్లతో కుస్తీ: పెంకు ఊడదు, సొన కుదరదు. ఎక్కడ తప్పుతున్నాను?

బద్ధకపు_ఉదయం
సోమవారం, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. నాకు వంట పెద్దగా రాదు. టిఫిన్ చేసుకునే ఓపిక లేక, రెండు నెలలుగా పొద్దున రెండు ఉడికించిన గుడ్లు తిని పనికి వెళ్తున్నాను. వంటింట్లో ఇంతకన్నా తేలిక పని ఉండదనుకున్నా. అదే ఇప్పుడు నాకు రోజూ టెన్షన్.

నేను చేసేది ఇదీ. ఫ్రిజ్‌లోంచి గుడ్లు తీసి గిన్నెలో వేసి, మునిగేదాకా కుళాయి నీళ్లు పోసి, స్టవ్ పెద్ద మంట మీద పెట్టి స్నానానికి వెళ్తాను. వచ్చాక ఆపి, నీళ్లు పారబోసి, పెంకు తీస్తాను. తీస్తాను అనడం కంటే తవ్వుతాను అనాలి. పెంకుతో పాటు తెల్లసొన ముక్కలు ముక్కలుగా ఊడి వస్తుంది. చివరికి చేతిలో మిగిలేది ఎలుక కొరికినట్టు ఉంటుంది.

ఒకరోజు పచ్చసొన కారిపోతుంది, మర్నాడు సుద్దముక్కలా గొంతుకు అడ్డం పడుతుంది. సొన చుట్టూ ఆకుపచ్చ గీత, ఒక రకం వాసన. వారంలో ఒకటి రెండు సార్లు గుడ్డు పగిలి నీళ్లంతా తెల్లటి నురగ. గుడ్లు మంచివి కావా, నేనే మంచివాణ్ణి కానా?


నిదానం
సోమవారం, ఉదయం 8:31

గుడ్ల తప్పేం లేదండీ. మీ స్నానం ఎంతసేపు పడుతుందో అంతసేపు ఉడుకుతున్నాయి అవి. తలస్నానం రోజు సుద్ద, మామూలు రోజు కారుడు. ముందు టైమర్ పెట్టుకోండి.


మరుగునీళ్లు
సోమవారం, ఉదయం 9:05

నిదానం గారు నవ్వించారు గానీ అసలు మాట అదే. గుడ్డుకి నిమిషం తేడా చాలా ఎక్కువ. ఇంకో మాట, చన్నీళ్లలో గుడ్లు వేసి స్టవ్ వెలిగిస్తే మీ లెక్క ఎప్పటికీ కుదరదు. గిన్నె మందం, నీళ్లెన్ని, మంటెంత, ఆ రోజు కుళాయి నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి, వీటన్నిటినీ బట్టి నీళ్లు మరగడానికి పట్టే టైము మారిపోతుంది. అదంతా గుడ్డు ఉడికే టైములోకే వస్తుంది కదా.

నేను చేసేది చెప్తాను. ముందు నీళ్లు బాగా మరగనివ్వాలి. గుడ్ల మీద రెండు వేళ్ల ఎత్తు వచ్చేన్ని నీళ్లు ఉండాలి. మరిగాక మంట కాస్త తగ్గించి, ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లను ఒక్కొక్కటీ గరిటెలో పెట్టి అడుగుదాకా దించి వదలాలి. పైనుంచి పడేశారా, అడుగుకి కొట్టుకుని పగులుతాయి. చివరి గుడ్డు వేసిన క్షణం నుంచి టైమర్. తర్వాత నీళ్లు తెర్లకూడదు, చిన్న బుడగలు వస్తూ ఉంటే చాలు. తెర్లినా వేడి అంతే, గుడ్లు ఒకదాన్నొకటి గుద్దుకోవడం తప్ప లాభం లేదు.

50 నుంచి 60 గ్రాముల గుడ్డు, ఫ్రిజ్‌లోంచి నేరుగా తీసింది అయితే నా లెక్క: 6 నిమిషాలకి తెల్లది నిలబడుతుంది, పచ్చది కారుతుంది. 7 నుంచి 8కి పచ్చసొన చిక్కటి పాకంలా ఉంటుంది, నాకిష్టమైనది ఇదే. 10కి గట్టిపడి మధ్యలో మాత్రం కొంచెం మెత్తన. 12కి పూర్తిగా గట్టి. అది దాటితే మీరు చెప్పిన సుద్ద.

టైమర్ మోగగానే ఐసు ముక్కలు వేసిన నీళ్లలోకి. నీళ్లు పారబోసి అలా వదిలేస్తే లోపలి వేడికి గుడ్డు ఉడుకుతూనే ఉంటుంది. మీ టైమర్ ఆగినా గుడ్డు ఆగదు.


చన్నీళ్ల_పక్షం
సోమవారం, ఉదయం 11:20

మరుగునీళ్లు గారితో నేను ఒప్పుకోను. నేను చన్నీళ్లతోనే మొదలుపెడతాను, ముప్పై ఏళ్లుగా. నీళ్లు ఒక్క మరుగు రాగానే స్టవ్ ఆపేసి, మూత పెట్టి, పది పన్నెండు నిమిషాలు వదిలేస్తాను. గ్యాసు మిగులుతుంది. గుడ్డు నెమ్మదిగా వేడెక్కుతుంది గనక పగలదు. మీ పద్ధతిలో ఫ్రిజ్ గుడ్డు ఒక్కసారిగా మరిగే నీళ్లలో పడితే టప్పుమంటుంది. నా చేతుల్తో చూశాను.

పెంకు సంగతి అడిగితే, ఓపికుండాలి అంతే.


మరుగునీళ్లు
సోమవారం, ఉదయం 11:34

పెంకు దగ్గరికి వచ్చేసరికి ఓపిక అన్నారు చూడండి, అక్కడే దొరికారు మీరు.


ల్యాబ్_కోటు
సోమవారం, మధ్యాహ్నం 1:45

కెమిస్ట్రీ పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి, కాస్త భరించండి.

పెంకు లోపల రెండు పలచటి పొరలు ఉంటాయి. పెంకు ఊడకపోవడం అంటే తెల్లసొన ఆ లోపలి పొరని అంటిపెట్టుకోవడం. దీనికి రెండు కారణాలు.

ఒకటి గుడ్డు వయసు. పెంకు మీద కంటికి కనపడని రంధ్రాలు వేలల్లో ఉంటాయి, 7 వేల నుంచి 17 వేల దాకా అంటారు. అప్పుడే పెట్టిన గుడ్డు తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, అందుకే పీహెచ్ 7.6 దగ్గర ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆ వాయువు రంధ్రాల్లోంచి పోతుంది, పీహెచ్ 9 దాటుతుంది. క్షారగుణం పెరిగిన తెల్లసొనకి పొరతో పట్టు తగ్గుతుంది. అందుకే తాజా గుడ్డు ఒలవడం నరకం, వారం పది రోజుల గుడ్డు సుఖం.

రెండోది వేడెక్కే తీరు. నెమ్మదిగా వేడెక్కితే తెల్లసొనలోని ప్రోటీన్లకి పొరతో అతుక్కునే తీరిక దొరుకుతుంది. ఒక్కసారిగా వేడి తగిలితే అవి తమలో తాము ముడిపడి, పొరని వదిలి లోపలికి ముడుచుకుంటాయి. కాబట్టి పెంకు విషయంలో మరుగునీళ్లు గారిదే పైచేయి.

ఆకుపచ్చ గీత కూడా కెమిస్ట్రీయే. ఎక్కువసేపు వేడి తగిలితే తెల్లసొనలోని గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్ అవుతుంది. మీరన్న వాసన దానిదే. అది లోపలికి పాకి పచ్చసొన అంచున ఉన్న ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. తింటే ప్రమాదమేమీ లేదు, చూడ్డానికే బాగోదు. గుడ్డుని వెంటనే చల్లబరిస్తే పెంకు వైపు చల్లగా ఉంటుంది గనక ఆ వాయువు బయటి వైపుకి పోతుంది, గీత పడదు.

చిన్న తిరకాసు ఉంది. గుడ్డు పాతబడ్డకొద్దీ పెంకు తేలిగ్గా ఊడుతుంది సరే, క్షారం పెరగడంతో గీత కూడా తొందరగా పడుతుంది. పాత గుడ్డుని అతిగా ఉడికిస్తే రంగు మీద మీకు పట్టే ఉండదు.


బద్ధకపు_ఉదయం
సోమవారం, సాయంత్రం 6:50

ఇంత ఉందా ఇందులో! నేను ఇన్నాళ్లూ వెతికి వెతికి తాజా గుడ్లు తెచ్చుకుని, ఆ రోజే ఉడకబెట్టి, తిట్టుకుంటున్నాను. మరి వయసు ఎలా తెలుస్తుంది?


నిదానం
సోమవారం, సాయంత్రం 7:02

నీళ్లలో వేసి చూడండి. పడుకుంటే తాజా. అడుగునే ఉండి ఒక కొన మీద నిలబడితే కాస్త పాతది, ఉడకబెట్టడానికి బంగారం. పైకి తేలితే బాగా పాతది. తేలినంత మాత్రాన కుళ్లినట్టు కాదు, కానీ పగలగొట్టి వాసన చూడకుండా వాడకండి. నేనైతే పారేస్తాను.

లోపల నీరు ఆవిరై వెడల్పు కొనలో గాలి గది పెద్దదవుతుంది, అదీ తేలడానికి కారణం.


రెండో_విజిల్
సోమవారం, రాత్రి 9:15

ఇంత గొడవెందుకు? కుక్కర్‌లో గ్లాసు నీళ్లు, గుడ్లు, రెండు విజిల్స్. ఆవిరి తగ్గాక తీస్తే పెంకు చొక్కా విప్పినట్టు వస్తుంది.


మరుగునీళ్లు
సోమవారం, రాత్రి 9:22

పెంకు వస్తుంది, నిజమే. కుక్కర్ లోపల వేడి వంద డిగ్రీలు దాటి 120 దాకా వెళ్తుంది. కానీ విజిల్ అనేది గడియారం కాదు కదా. ఒక కుక్కర్ మూడు నిమిషాలకి కూస్తే ఇంకోటి ఏడు నిమిషాలకి కూస్తుంది. గట్టి గుడ్డు ఏదో ఒకటి చాలు అనుకుంటే సరే. సొన పాకంలా కావాలంటే కుక్కర్ అస్సలు వద్దు.


ఆవిరి_ప్రియ
మంగళవారం, ఉదయం 6:40

రెండో విజిల్ గారి మాటలో సగం మంచి ఉంది. ఆ మంచి ఆవిరిలో ఉంది, విజిల్‌లో కాదు.

నేను గిన్నెలో రెండు అంగుళాల నీళ్లు పోసి, పైన చిల్లుల జల్లెడ లాంటిది పెట్టి, ఆవిరి బాగా వస్తున్నప్పుడు గుడ్లు పేర్చి మూత పెట్టేస్తాను. తక్కువ నీళ్లు కాబట్టి తొందరగా మరుగుతాయి. గుడ్లు కదలవు, గుద్దుకోవు, నాకు పగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నీళ్లలో ఎన్ని నిమిషాలో ఆవిరిలో కూడా దాదాపు అంతే, నేను ఒక్క నిమిషం కలుపుతాను. రెండు గుడ్లయినా ఎనిమిది గుడ్లయినా టైము పెద్దగా మారదు. ఒక్కటే జాగ్రత్త, మధ్యలో మూత తీసి తొంగి చూడకూడదు. తీసిన ప్రతిసారీ ఆవిరి పోయి లెక్క తప్పుతుంది. ఇంకా, నీళ్లు పూర్తిగా ఇగిరిపోకుండా చూసుకోండి. ఒకసారి నా గిన్నె మాడి ఇల్లంతా పొగ. గుడ్లు మాత్రం బాగా కుదిరాయి!


కొండమీది_కబుర్లు
మంగళవారం, ఉదయం 7:30

మీరంతా 8 నిమిషాలు, 10 నిమిషాలు అంటుంటే నవ్వొస్తోంది. మేముండేది సముద్ర మట్టానికి 1800 మీటర్ల ఎత్తులో. ఇక్కడ నీళ్లు 94 డిగ్రీలకే మరిగిపోతాయి. ప్రతి 300 మీటర్లకి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. మీ 8 నిమిషాల గుడ్డు మా దగ్గర 6 నిమిషాల దానిలా కారుతుంది. మంట ఎంత పెంచినా నీళ్లు అంతకుమించి వేడెక్కవు, ఆవిరైపోవడమే. నేను ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు కలుపుతాను. ఎత్తులో ఉండేవాళ్లు చదువుతుంటే గుర్తుంచుకోండి.


మైక్రో_మిత్రుడు
మంగళవారం, ఉదయం 8:05

మైక్రోవేవ్‌లో పెడితే రెండు నిమిషాల్లో అయిపోతుందిగా?


ఆవిరి_ప్రియ
మంగళవారం, ఉదయం 8:07

వద్దు బాబూ వద్దు!! పెంకుతో ఉన్న గుడ్డు మైక్రోవేవ్‌లో పేలుతుంది.


నిదానం
మంగళవారం, ఉదయం 8:40

పచ్చిదే కాదు, ఉడికించి పెంకు తీసిన గుడ్డుని వేడి చేయడానికి పెట్టినా ప్రమాదమే. పచ్చసొన లోపల చిన్న చిన్న నీటి చుక్కలు మరుగు దాటి వేడెక్కి, ఆవిరి కావడానికి దారి లేక అలాగే ఉంటాయి. ఫోర్కు గుచ్చినప్పుడో, పంటి కింద పెట్టినప్పుడో ఒక్కసారి పేలతాయి. మా అన్నయ్య పై పెదవి కాలి వారం రోజులు స్ట్రాతో తాగాడు. చల్లారిన గుడ్డు వేడిగా కావాలంటే పెంకుతోనే వేడినీళ్లలో ఐదు నిమిషాలు ఉంచండి.


సందేహాల_పుట్ట
మంగళవారం, మధ్యాహ్నం 12:10

నాకు కొన్ని అనుమానాలు. నీళ్లలో ఉప్పు వేయాలంటారు, వెనిగర్ అంటారు, వంట సోడా అంటారు, గుడ్డుకి సూదితో చిల్లు పెట్టమంటారు. వీటిలో ఏది నిజం?


ల్యాబ్_కోటు
మంగళవారం, మధ్యాహ్నం 2:30

ఉప్పు: నీళ్లు ఎక్కువ వేడెక్కుతాయని వేస్తారు. లీటరుకి 10 గ్రాములు వేస్తే మరుగు డిగ్రీలో పావు వంతు కూడా పెరగదు. ఉపయోగం వేరే ఉంది. గుడ్డు పగిలితే బయటికొచ్చిన తెల్లసొనని ఉప్పు, వెనిగర్ రెండూ తొందరగా గడ్డకట్టిస్తాయి, చీలిక అక్కడికక్కడే మూసుకుంటుంది. పగిలాక కాదు, ముందే వేసి ఉండాలి.

వెనిగర్ పెంకుని కరిగిస్తుంది అన్నది నిజమే, పెంకు అంటే కాల్షియం కార్బొనేట్. కానీ పది నిమిషాల్లో రెండు చెంచాల వెనిగర్ చేసేది చాలా తక్కువ.

వంట సోడా క్షారం కాబట్టి పీహెచ్ పెంచాలి, లెక్క ప్రకారం బానే ఉంది. నేను చేసి చూస్తే పెంకులో తేడా కనపడలేదు, వాసన మాత్రం పెరిగింది.


చన్నీళ్ల_పక్షం
మంగళవారం, మధ్యాహ్నం 3:05

చిల్లు సంగతి నేను చెప్తాను. వెడల్పు కొనలో, గాలి గది ఉన్నచోట, సూదితో పెడతారు. గాలి బయటికి పోవడానికి దారి దొరుకుతుంది, ఉడికాక ఆ కొన గుంటలా కాకుండా గుండ్రంగా వస్తుంది. పగలకుండా ఆపుతుందా అంటే నాకు ఒకసారి ఆపింది, ఒకసారి చిల్లు దగ్గరే చీలింది. పొద్దున నిద్రమత్తులో సూది పట్టుకోవడం కంటే గరిటెతో నెమ్మదిగా దించడం మేలు.

ఎవరో అడిగేలోపు చెప్పేస్తున్నా, అవును, గరిటె మరుగునీళ్లు గారి మాటే.


బద్ధకపు_ఉదయం
బుధవారం, ఉదయం 8:25

మొదటి ప్రయోగం ఫలితం. ఫెయిల్.

మరుగునీళ్లు గారు చెప్పినట్టే చేశాను. నీళ్లు మరిగించాను, గరిటెతో దించాను, టైమర్ 8 నిమిషాలు. మూడు రోజులకి సరిపడా ఒకేసారి చేద్దామని ఆరు గుడ్లు వేశాను. పగల్లేదు, పెంకు ఈసారి బాగానే వచ్చింది. కానీ కోస్తే పచ్చసొన నీళ్లలా కారింది, తెల్లసొన లోపలి అంచు కూడా జావలా ఉంది. ఎక్కడ తప్పు జరిగింది?


మరుగునీళ్లు
బుధవారం, ఉదయం 8:40

గిన్నె ఎంత పెద్దది?


బద్ధకపు_ఉదయం
బుధవారం, ఉదయం 8:42

టీ పెట్టుకునే గిన్నె అండీ. ఆరు వేసేసరికి గుడ్ల మీద నీళ్లు అంతంతమాత్రమే.


మరుగునీళ్లు
బుధవారం, ఉదయం 8:58

అదీ సంగతి. ఫ్రిజ్‌లోంచి తీసిన ఆరు గుడ్లంటే 300 గ్రాములు పైనే, 4 డిగ్రీల చల్లటి బరువు. ముప్పావు లీటరు నీళ్లలో అవి పడగానే మరుగు ఆగిపోతుంది. మళ్లీ మరగడానికి రెండు మూడు నిమిషాలు పట్టి ఉంటుంది, మీ టైమర్ మాత్రం పరిగెత్తుతోంది. ఆరు గుడ్లకి కనీసం రెండు లీటర్లు ఉండాలి. వేసిన అర నిమిషం మంట పెద్దది చేసి, బుడగలు తిరిగి రాగానే తగ్గించండి. తప్పు నాదే, నీళ్లెన్నో చెప్పకుండా రెండు వేళ్లని వదిలేశాను.

గుడ్డు సైజు కూడా చూసుకోండి. 70 గ్రాముల పెద్దదానికి ఇంకో నిమిషం పడుతుంది. గంటసేపు బయట పెట్టిన గుడ్డయితే నిమిషం తగ్గించాలి.


ల్యాబ్_కోటు
బుధవారం, ఉదయం 10:15

ఇక్కడ ఒక మాట కలుపుతాను, ఈ నిమిషాల లెక్క ఎందుకంత సున్నితమో తెలుస్తుంది. తెల్లసొన 62 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది, కానీ అందులో ఎక్కువ భాగం ఉండే ప్రోటీన్ గట్టిపడాలంటే 80 డిగ్రీలు కావాలి. పచ్చసొన 65 దగ్గర చిక్కబడి 70కి గట్టిపడిపోతుంది. అంటే తెల్లదానికి ఎక్కువ వేడి, పచ్చదానికి తక్కువ వేడి కావాలి, రెండూ ఒకే పెంకులో ఉన్నాయి. వేడి బయటినుంచి లోపలికి పోతుంది గనక మనం బతికిపోయాం. బయటిది 80 దాటి, లోపలిది 65, 70 మధ్య ఉన్న ఆ కాస్త సమయంలో గుడ్డుని లాగేయాలి. ఆ కిటికీ ఒకటి రెండు నిమిషాలే తెరుచుకుని ఉంటుంది.

దీని కోసం 2025లో ఇటలీ పరిశోధకులు ఒక పద్ధతి ప్రచురించారు. గుడ్డుని 100 డిగ్రీల నీళ్లలో రెండు నిమిషాలు, 30 డిగ్రీల నీళ్లలో రెండు నిమిషాలు, అలా మారుస్తూ మొత్తం 32 నిమిషాలు. తెల్లది పూర్తిగా ఉడుకుతుంది, పచ్చది 67 డిగ్రీల దగ్గరే ఆగి మెత్తగా ఉంటుంది.


నిదానం
బుధవారం, ఉదయం 10:21

పదహారు సార్లు అటూ ఇటూ మార్చాలా! కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అని పెద్దలు ఊరికే అన్నారా.


ల్యాబ్_కోటు
బుధవారం, ఉదయం 10:30

ఇంకా వినండి. ఉడికిన తెల్లసొన ప్రోటీన్‌ని కొంతవరకు వెనక్కి తిప్పే పద్ధతి కనిపెట్టినవాళ్లకి 2015లో ఇగ్ నోబెల్ బహుమతి (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చేది) కూడా వచ్చింది. సరే, మన పొద్దుటి టిఫిన్‌కి అక్కర్లేదు లెండి.


ఇద్దరు_పిల్లల_అమ్మ
బుధవారం, మధ్యాహ్నం 12:00

మా చిన్నదానికి రెండేళ్లు. అందరూ పాకంలా ఉన్న సొన బాగుంటుంది అంటున్నారు, పిల్లలకి పెట్టొచ్చా?


ఆవిరి_ప్రియ
బుధవారం, మధ్యాహ్నం 12:35

పెట్టకండి అక్కా. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండే అవకాశం ఉంది. తెల్లదీ పచ్చదీ రెండూ గట్టిపడేదాకా ఉడికిస్తేనే భయం ఉండదు. చిన్నపిల్లలు, గర్భిణులు, పెద్దవయసువాళ్లు, ఒంట్లో నిరోధక శక్తి తగ్గినవాళ్లు గట్టి గుడ్డే తినాలి. 11, 12 నిమిషాలు ఉంచండి. ఉడికాక కూడా ఆ గట్టి సొన పిల్లల గొంతులో అడ్డం పడుతుంది, మెదిపి పెట్టండి.


ఇద్దరు_పిల్లల_అమ్మ
బుధవారం, మధ్యాహ్నం 12:41

థాంక్సమ్మా. నాది 7 నిమిషాలకి తీసేసి దానిది ఉంచేస్తాను అయితే. ఒకే గిన్నె.


సందేహాల_పుట్ట
బుధవారం, సాయంత్రం 5:20

పెంకు తీసే పద్ధతి కూడా ఎవరైనా చెప్పండి. నేను పైనుంచి గోరుతో గిల్లుతూ పోతాను.


నిదానం
బుధవారం, సాయంత్రం 6:10

గిల్లితే ముక్కలే వస్తాయి. గుడ్డుని గట్టు మీద వెడల్పు కొనతో ఒకసారి కొట్టి, అరచేతి కింద పెట్టి మెల్లగా దొర్లించండి. పెంకంతా గీతలు గీతలుగా చిట్లాలి, లోపలిది నలగకూడదు. వెడల్పు కొన నుంచే మొదలుపెట్టాలి, అక్కడ గాలి గది ఉంటుంది కాబట్టి వేలు పెట్టడానికి సందు దొరుకుతుంది. అసలు కిటుకు, పెంకుని కాదు, దాని కింది పొరని పట్టుకోవాలి. పొర చిక్కిందా, పెంకు దానితో పాటే పట్టీలా ఊడొస్తుంది. రానంటే గిన్నెడు నీళ్లలో ముంచి తీయండి, నీరు పొర కిందికి దూరి విడదీస్తుంది. 6, 7 నిమిషాల మెత్తటి గుడ్డుని మాత్రం దొర్లించకండి, చేతిలోనే చితుకుతుంది. చెంచాతో చుట్టూ తట్టి తీయాలి.


చన్నీళ్ల_పక్షం
గురువారం, ఉదయం 9:30

నిన్న రాత్రి నిద్ర పట్టలేదు, అందుకని లేవగానే పరీక్ష పెట్టాను. ఒకే అట్టలోవి పన్నెండు గుడ్లు. ఆరు నా పద్ధతి, ఆరు మరుగునీళ్లు గారి పద్ధతి. అన్నీ ఒకేలా ఐసు నీళ్లలో పావుగంట. ఏది ఏదో తెలియకుండా కలిపేసి మా ఆవిడకి ఇచ్చాను, పెంకు తీయమని. నాకు మాత్రమే తెలిసేట్టు పెన్సిల్ గుర్తు పెట్టుకున్నాను.

పగిలినవి: నావి సున్నా, వాళ్లవి ఒకటి. అందులో కూడా నేను గరిటె జార్చాను.

పెంకు: వాళ్లవి ఆరూ అద్దంలా వచ్చాయి. నావి రెండు బాగా, రెండు గుంటలతో, రెండు మీకు చూపించలేను.

ముప్పై ఏళ్ల ఓపిక మొత్తం వృథా. గ్యాసు మాట మాత్రం వెనక్కి తీసుకోను, స్టవ్ ఆపేసి మూత పెట్టడంలో మిగులు ఉంది. కాబట్టి రేపటినుంచి ఆవిరి ప్రియ గారి రెండు అంగుళాల నీళ్లు. అటు వాళ్ల మాటా ఇటు నా పట్టుదలా రెండూ నిలబడతాయి. పన్నెండు గుడ్లు ఎవరు తింటారని మా ఆవిడ అడుగుతోంది.


మరుగునీళ్లు
గురువారం, ఉదయం 9:41

మీ పెద్దమనసుకి నమస్కారం సార్. పెంకుతోనే ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి, వారం దాకా బాగుంటాయి. పెంకు తీసినవి ఆ రోజే తినేయాలి. ఉడికినవే కదా అని బయట రెండు గంటలకు మించి ఉంచకండి. ఉడికించేటప్పుడు పెంకు మీది రక్షణ పూత పోతుంది, పచ్చి గుడ్డు కంటే ఉడికిన గుడ్డే తొందరగా చెడుతుంది.


రెండో_విజిల్
గురువారం, ఉదయం 10:05

ఫ్రిజ్‌లో ఉడికినవీ పచ్చివీ కలిసిపోతే? మా ఇంట్లో అయింది. ఉడికిందనుకుని బల్ల అంచుకి కొట్టాను, లుంగీ పాడైంది.


నిదానం
గురువారం, ఉదయం 10:12

గుడ్డుని బల్ల మీద బొంగరంలా తిప్పండి. ఉడికింది చక్కగా గిర్రున తిరుగుతుంది, పచ్చిది తూలుతుంది. ఇంకా అనుమానం ఉంటే తిరుగుతున్న గుడ్డుని వేలితో ఒక్క క్షణం ఆపి వదలండి. ఉడికింది ఆగిపోతుంది. పచ్చిది లోపలి సొన ఇంకా తిరుగుతూనే ఉంటుంది గనక మళ్లీ కదులుతుంది. లేదా చన్నీళ్ల పక్షం గారిలా పెన్సిల్ గుర్తు.


బద్ధకపు_ఉదయం
శుక్రవారం, ఉదయం 8:15

పెద్ద గిన్నె కొన్నాను. రెండు లీటర్ల నీళ్లు, పది రోజుల కిందటి గుడ్లు నాలుగు, వేశాక అర నిమిషం పెద్ద మంట, తర్వాత చిన్న మంట, ఏడున్నర నిమిషాలు, ఐసు నీళ్లు. నిదానం గారు చెప్పినట్టు చెంచాతో తట్టి పొర పట్టుకుని లాగాను.

నాలుగూ నున్నగా వచ్చాయి. ఒక్క గుంట లేదు. కోస్తే సొన నారింజ రంగులో, కారీ కారనట్టు. గీత లేదు, వాసన లేదు. ఉప్పు, మిరియాల పొడి చల్లుకుని నిలబడే తినేశాను. ఫోటో తీద్దామనుకునేసరికి ప్లేటు ఖాళీ.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. ఏడున్నర నిమిషాల్లో నా స్నానం కావడం లేదు. ఈరోజు సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చి స్టవ్ ఆపాను.


నిదానం
శుక్రవారం, ఉదయం 8:19

ముందు స్నానం, తర్వాత గుడ్డు అండీ.


బద్ధకపు_ఉదయం
శుక్రవారం, ఉదయం 8:20

ఇది నాకెందుకు తట్టలేదు!